పాత మర

2012లో అమెరికాలో ఉండగా, సిగరెట్టు మానాలని ఒక ఎలక్ట్రానిక్ సిగరెట్టు కొన్నాను. అడుగున చిన్న మర. తిప్పితే వోల్టేజి 3.3 నుండి 4.8 వరకు మారేది. కాయిల్ నిరోధం అంతే ఉన్నప్పుడు వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే మర రవ్వంత ఎక్కువ తిరిగినా నోరంతా మాడు రుచి!

తరువాతి నమూనాలో మర పోయి తెర, మీటలు వచ్చాయి. వాట్లు నిర్ణయిస్తే చాలు, వోల్టేజిని అదే సరిచూసుకుంటుంది. మెరుగే, కాదనను. అయినా పాతదే వాడాను. పొగ తగ్గించుకోవడం నా చేతిలోనే ఉన్నదనిపించేది (భ్రమే కావచ్చు).

"రెండింటిలోనూ ఉన్నది నికోటినే కదండీ" అన్నది మా ఆవిడ.

2019లో భారతదేశం వీటిని నిషేధించింది. ఆ తరువాత ఊరికి బయలుదేరినప్పుడు రెంటినీ సొరుగులోనే వదిలేశాను. విమానంలో, ఖాళీ జేబులో, నా వేళ్ళు మర కోసం వెదుకుతూనే ఉన్నాయి.