మేళం కట్టని వాద్యం

బొబ్బిలి ప్రాంతంలో పుట్టి పెరిగిన మా వంటి వారికి వీణను గురించి ఒక సంగతి ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కర లేదు. పనస దుంగను తొలిచి చేసిన ఆ వాద్యం ఎంత గొప్పదైనా, దానిపై అమర్చిన 24 మెట్లు మైనంలో సరిగా కుదురుకొని ఉంటేనే స్వరం స్వరంగా పలుకుతుంది. వేసవి వేడికి మైనం మెత్తబడితే మెట్లు కదలుతాయి. అప్పుడు పనివానిని పిలిపించి మేళం కట్టించేవారు. అది పూర్తి అయ్యేవరకు మా మేనత్తగారు పిల్లలకు పాఠం చెప్పేవారు కారు. “మేళం తప్పిన వీణ మీద సాధన చేస్తే వీణ పాడవదు, పిల్లల చెవి పాడవుతుంది” అనేవారు.

ఇంత తెలిసి కూడా మేము బంగాళాఖాతం దాటి వెళ్లి, మరొక వాద్యం విషయంలో ఆ మాటను మరచిపోయాము. ఆ మరపు వలన ఒక పిల్ల మనస్సు నొచ్చింది. ఆ కథను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

2013లో మాకు అండమాన్‌కు బదిలీ అయింది. అప్పటి పోర్ట్ బ్లెయిర్‌నే 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురం అంటున్నారు. విశాఖపట్నం నుండి, చెన్నై నుండి ఓడలు వచ్చే ఆ ఊరిలో తెలుగు మాట వినబడని వీధి అరుదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి తరతరాలుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు జంగ్లీఘాట్ వైపు ఎన్నో ఉన్నాయి. మా కార్యాలయపు రిక్రియేషన్ క్లబ్బులో సంగీత విభాగం బాధ్యత మాకు అప్పగించారు. హార్మోనియం, తబలా, కీబోర్డు అప్పటికే ఉన్నాయి. లేనిదల్లా బేస్ గిటారు.

పాటలో బేస్ గిటారు స్థానం ఇంటికి పునాది వంటిది. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. లేకపోతే మాత్రం అందరికీ వెలితి తెలుస్తుంది. ఇళయరాజా స్వరపరచిన ‘గీతాంజలి’ (1989) పాటలు వినేటప్పుడు గాత్రాన్ని కాసేపు పక్కన పెట్టి, అడుగున నడిచే మంద్రస్వరాన్ని మాత్రమే అనుసరించి చూడండి, మా మాట బోధపడుతుంది. వార్షికోత్సవంలో ఆ చిత్రంలోని పాట ఒకటి వినిపించాలని మా సంకల్పం. సెలవుపై చెన్నై వెళ్లిన ఒక సహోద్యోగి చేత, క్లబ్బు నిధికి అందుబాటులో ఉన్న ధరకు ఒక బేస్ గిటారు తెప్పించాము. మెరుగు పెట్టిన ఎర్రని రంగు చూసి అందరం మురిసిపోయాము. వానలు తగ్గేవరకు దానిని క్లబ్బు సామాను గదిలో, బయటి గోడకు ఆనించి ఉంచాము. మే నెలలో మొదలై డిసెంబరు దాకా వానలు పడే ఊరిలో అటువంటి గది ఎంత చెమ్మగా ఉంటుందో ఆనాడు ఆలోచించలేదు.

వాయించడానికి ముందుకు వచ్చినది మా కార్యాలయపు డ్రైవరుగారి అమ్మాయి. పదకొండవ తరగతి చదువుతున్నది. కీబోర్డు మీద ఆమెకు మంచి ప్రవేశం ఉంది. నవంబరులో సాధన ఆరంభమైంది. రెండు వారాలు గడిచేసరికి ఆమె వేళ్ల కొసలకు ప్లాస్టరు పట్టీలు కనిపించాయి. కష్టపడుతున్నదని సంతోషించాము కాని, ఎందుకు అంత కష్టపడవలసి వస్తున్నదని ప్రశ్నించుకోలేదు. పాట మొదటి భాగంలో బాగానే ఉండేది. చేయి మెడ మీద పైకి జరిగిన కొద్దీ ప్రతి స్వరమూ అపస్వరమే. కీబోర్డుతో కలిసేది కాదు.

‘మేము’ అనే బహువచనం చాటున దాగడం ఇక్కడ న్యాయం కాదు. అందరి ఎదుట ఆ మాట అన్నది ఈ వ్యాసకర్తే: “నీ చెవికి శ్రుతి పట్టడం లేదమ్మా. నువ్వు కోరస్‌లో పాడు.” ఆ పిల్ల “సరే అంకుల్” అని గిటారును జాగ్రత్తగా కుర్చీలో పెట్టి వెళ్లిపోయింది. మరునాడు ఆమె తండ్రి క్లబ్బు గది తాళంచెవి తెచ్చి మా బల్ల మీద ఉంచారు. “పిల్ల చదువు మీద దృష్టి పెడతానంటోంది సార్” అన్నారు. అంతకంటే ఒక్క మాట అనలేదు.

క్రిస్మస్ సెలవులు ముగించుకొని కార్ నికోబార్ నుండి మా సహోద్యోగి ఒకరు తిరిగి వచ్చారు. ఆయన చిన్ననాటి నుండి తమ ఊరి చర్చి గాయకబృందంలో గిటారు, బేస్ గిటారు వాయించిన మనిషి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత రేకుల తాత్కాలిక నివాసాలలో ఉన్న రోజులలోనూ ఆదివారం పాట మానలేదని చెప్పేవారు. చెమ్మ, ఉప్పుగాలి ఒక వాద్యాన్ని ఏమి చేస్తాయో ఆయనకు అనుభవం.

ఆయన గిటారును చేతిలోకి తీసుకొని వాయించలేదు. బద్ద వంకర చూసే వడ్రంగి వలె దాని మెడను కంటికి ఎత్తుకొని, కొస నుండి చూశారు. తరువాత ఒక తీగను మొదటి మెట్టు వద్ద ఒక వేలితోను, మెడ దిమ్మెతో కలిసే చోట మరొక వేలితోను నొక్కి పట్టి, మధ్యలో తీగకూ మెట్టుకూ నడుమ ఉన్న సందులో విజిటింగు కార్డు దూర్చమన్నారు. “ఒక్క కార్డు పట్టేంత ఉండాలి” అన్నారు. నాలుగు కార్డులు కలిపి దూర్చినా ఇంకా చోటు మిగిలింది. 12వ మెట్టు వద్ద తీగ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తున ఉండవలసింది, అయిదు దాటి ఉంది.

“దీని మీద ఎవరు సాధన చేశారు?” అని అడిగారు. చెప్పాము. “రెండు వారాలు ఓర్చుకుందా? ఆ అమ్మాయి గట్టిది సార్” అన్నారు.

అప్పుడు ఆయన విడమరచి చెప్పిన విషయం ఇది. బేస్ గిటారు నాలుగు తీగలు కలిసి మెడను సుమారు 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. చెక్క చెమ్మను పీల్చుకొని కదలినప్పుడు ఆ కడ్డీని తిరిగి సరిచేయాలి. మా గిటారు మెడ విల్లులా ముందుకు వంగింది. తీగలు పైకి లేచాయి. ఎత్తున ఉన్న తీగను మెట్టు దాకా నొక్కితే అది సాగుతుంది. సాగిన తీగ స్వరం హెచ్చుతుంది. అపస్వరం ఆ పిల్ల చెవిలో లేదు, వేలిలోనూ లేదు. మేము ఆమె చేతికిచ్చిన కర్రలో ఉంది.

సరిచేయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆయన పాటించిన క్రమాన్ని మన ఇతర యూనిట్ల క్లబ్బుల వారికి ఉపయోగపడుతుందని ఇక్కడ వ్రాస్తున్నాము. మొదట మెడ. తీగలను కొంత వదులు చేసి కడ్డీ మరను పావు చుట్టు మాత్రమే బిగించి, మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి ఆగి చూడాలి. బలవంతం చేస్తే కడ్డీ తెగుతుంది. తరువాత తీగల ఎత్తు. బ్రిడ్జి మీద ఒక్కొక్క తీగకు ఉండే సాడిల్ అనే చిన్న ఆధారాన్ని దించుతూ, ఏ మెట్టు వద్దా తీగ జరజరమనకుండా చూసుకోవాలి. చివరిది స్వరస్థానం. 12వ మెట్టు తీగకు సరిగా సగం. అక్కడ వేలితో తాకీ తాకనట్లు మీటితే వచ్చే పలుచని ధ్వని, అదే మెట్టుపై నొక్కి మీటితే వచ్చే ధ్వని ఒక్కటిగా ఉండాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే సాడిల్‌ను మెడకు దూరంగా, తగ్గుగా ఉంటే మెడ వైపు జరపాలి. ఈ క్రమం తారుమారైతే చేసిన పని మళ్లీ చేయవలసిందే. తుప్పు పట్టిన పాత తీగలతో ఈ పరీక్ష పనికిరాదు, కొత్తవి వేసుకోవాలి.

చూస్తూ ఉండగా మా మేనత్తగారు గుర్తుకు వచ్చారు. ఇది మేళం కట్టడం కాక మరేమిటి?

ఆ ఆదివారం ఆయనతో కలిసి జంగ్లీఘాట్‌లోని డ్రైవరుగారి ఇంటికి వెళ్లాము. “తప్పు వాద్యానిదమ్మా, దాన్ని చూసుకోని మాది. నీది కాదు” అని ఆమె తల్లిదండ్రుల ఎదుటనే చెప్పాము. అందరి ఎదుట అన్న మాటను అందరి ఎదుటనే వెనుకకు తీసుకోవాలి గనుక, మరునాడు క్లబ్బులోనూ చెప్పాము. ఆమె వెంటనే రాలేదు. వార్షికోత్సవం బేస్ గిటారు లేకుండానే జరిగింది. ఆ వెలితి ఆ సాయంత్రం అందరికంటే ఎక్కువగా మాకే వినిపించింది.

మార్చి నెలలో ఒకనాడు ఆమె వచ్చింది. మొదట అడిగినది గిటారును కాదు. “అంకుల్, ఆ కడ్డీ తిప్పే తాళంచెవి ఎక్కడుంది? నాకు నేర్పిస్తారా?” అన్నది. మా నికోబారు మిత్రుడు నేర్పారు. ఉగాది వేడుకలో ఆ పాట వాయించింది.

మరుసటి ఏడు క్లబ్బుకు కొంత నిధి చేకూరింది. నిలబడి వాయించే పెద్ద డబుల్ బేస్ కొందామని ఒక ప్రతిపాదన వచ్చింది. మద్రాసు సినిమా వాద్యబృందాలలో చూసిన వారికి దాని గాంభీర్యం తెలుసు. తీగ పొడవే బేస్ గిటారుకు 34 అంగుళాలైతే దీనికి 41 దాటుతుంది. కాని ఆ అమ్మాయి, మా మిత్రుడు కలిసి వద్దన్నారు. చెక్కను చెక్కి చేసిన డబుల్ బేస్ పైపలక వానకాలంలో ఉబికి తీగలను పైకి లేపుతుంది, ఎండకాలంలో దిగుతుంది. అతుకుల జిగురు చెమ్మకు మెత్తబడుతుంది. ఈ దీవులలో కొనాలంటే ప్లైవుడ్ వంటి పొరల చెక్కతో చేసినది, బ్రిడ్జి కాళ్లకు ఎత్తు తగ్గించి పెంచే మరలు ఉన్నది కొనాలి. దాని లోపల పై పలకకూ వెనుక పలకకూ నడుమ జిగురు లేకుండా నిలిపిన చిన్న స్తంభం ఒకటి ఉంటుంది. నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేస్తే అది పడిపోతుంది. నిలబెట్టే పనివాడు ఇక్కడ లేడు. ఆ నిధితో చిన్న చేతులకు అనువైన 30 అంగుళాల బేస్ గిటారు ఒకటి, గాలిలో చెమ్మను కొలిచే పరికరం ఒకటి కొన్నాము. పడౌక్ చెక్క ముక్కలతో ఒక వడ్రంగి చేత రెండు స్టాండ్లు చేయించి, వాద్యాలను గోడకు దూరంగా ఉంచాము.

మేము బదిలీపై ప్రధాన భూభాగానికి తిరిగి వచ్చేనాటికి ఆ గదిలో ఒక నోటు పుస్తకం వెలిసింది. తేదీ, గాలిలో చెమ్మ, మెడ వంపు, తీగ ఎత్తు అని నాలుగు గడులు. మొదటి పేజీలన్నీ ఆ అమ్మాయి దస్తూరీయే.

ఉద్యోగ జీవితంలో మన వద్దకు కొత్తవారు వస్తారు. మన ఇళ్లలో పిల్లలు ఉన్నారు. వారికి పని అప్పగిస్తాము, పుస్తకం చేతికిస్తాము, ఫలితం సరిగా లేకపోతే తీర్పు చెబుతాము. ఆ తీర్పుకు ముందు, చేతికిచ్చిన దానిని ఒక్కసారి కంటికి ఎత్తుకొని కొస నుండి చూడడం మన బాధ్యత. మేము ఆ పని ఆలస్యంగా చేశాము. మీరు ముందే చేయాలని మా కోరిక.