కామాటిపుర చీటీ పుస్తకం, దలాల్ స్ట్రీట్ నివేదిక

ముంబై సెంట్రల్ స్టేషన్‌లో దిగి నాగ్‌పాడా వైపు కొంచెం నడిస్తే కామాటిపుర గల్లీలు మొదలవుతాయి. వీటిని నెంబర్లతోనే పిలుస్తారు. ఒకటో గల్లీ, రెండో గల్లీ, అలా పదిహేను దాకా. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి బొంబాయి దీవుల మధ్య పల్లం పూడ్చి, రోడ్లు వేసి, రాళ్లు మోసిన తెలుగు కామాటీలు కాపురం పెట్టిన పేట ఇది. లోకానికి మాత్రం ఎర్రదీపాల వాడగానే తెలుసు. ఆ పేరు వల్ల పిల్లలకు సంబంధాలు తప్పిపోయిన కథ, ఉద్యోగం దరఖాస్తులో చిరునామా రాయడానికి జంకిన కథ ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి.

నేను ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లాను. సేవకు పెట్టిన డబ్బు ఎంత మంచి చేసిందో కొలిచి చూపించాలన్న పట్టుదల ఇప్పుడు దేశమంతటా ఉంది. 2014 నుంచి లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టడం పెద్ద కంపెనీలకు చట్టమైంది. 2021 నుంచి ఆ ఖర్చు బాగా ఎక్కువగా ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు దాటిన పనులకు బయటివాళ్లతో ప్రభావ మదింపు కూడా చేయించాలి. మంచిదే. కానీ దశాబ్దాలుగా ఇన్ని సంస్థలు, ఇందరు దాతలు, ఇన్ని సర్వేలు చూసిన పేట దేశంలో అరుదు. కొలిచినవాళ్లు వెళ్లిపోయాక గల్లీలో ఏం మిగిలిందో చూడాలనిపించింది.

మొదట వెళ్లింది ఒక తెలుగు చాల్‌కి. నిటారు చెక్క మెట్లు, పట్టుకోవడానికి వేలాడే తాడు, పొడుగాటి వరండా, వరసగా ఖోలీలు. పది అడుగుల గది, పైన అటక, ఆ అటక మీద కొడుకు కాపురం. గడప దగ్గర చాటలో తునికాకు, పొగాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. వాళ్ల అత్తమామలు నిజామాబాద్ వైపు నుంచి వచ్చారట. ఆమె చీటీ నడుపుతుంది. ఇరవై మంది, తలా నెలకు రెండు వేలు, ఇరవై నెలలు. పాట ఉండదు. డబ్బాలో చీట్లు వేసి తీస్తారు. ఎవరికైనా అవసరం ముంచుకొస్తే అందరూ ఒప్పుకుని ముందు వాళ్లకు ఇచ్చేస్తారు.

పుస్తకం చూపించమన్నాను. ఎర్ర బట్ట అట్ట, పొడుగాటి ఖాతా పుస్తకం. వరస నెంబరు, పేరు, ఎత్తిన నెల, సంతకమో వేలిముద్రో. చివర ఇంకో గడి ఉంది. అందులో పిల్ల చేతి రాతతో ‘ఆపరేషన్’, ‘బిడ్డ పెండ్లి’, ‘ఊర్ల ఇంటి కప్పు’, ‘ఐటీఐ ఫీజు’ అని ఉన్నాయి. మనవరాలు రాస్తుందట.

“ఇది ఎందుకు రాయిస్తవక్కా?” అన్నాను.

“పైసలు దేనికి తీస్కున్నరో తెల్వకపోతే ఎట్ల తమ్మీ? ఫీజని చెప్పి తీస్కుంటే రసీదు తెచ్చి నాకు చూపియ్యాలె. ఒకామె కొడుకు ఫీజు పైసలు తాగుడుకు పోయినయ్. మల్ల ఆమెకు చివరి నెలనే అని అందరం తీర్మానం చేసినం.”

అప్పు మంజూరు, పర్యవేక్షణ, ఫలితం చూడటం, తప్పుకు శిక్ష అన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి. మదింపుకు పైసా ఖర్చు లేదు. అయితే దీన్ని ఆకాశానికెత్తడానికి నేను సిద్ధంగా లేను. ఇలాంటి చీటీకి చట్ట రక్షణ లేదు. నడిపే మనిషి ఊరు విడిచిపోతే డబ్బు పోయినట్టే. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. పక్క బిల్డింగ్‌లో వృత్తి చేసుకుని బతికే ఆడవాళ్లను చీటీలో చేర్చుకుంటారా అని అడిగాను. ఆమె బీడీకి దారం చుట్టడం ఆపింది. “చెడ్డోళ్లని కాదు తమ్మీ. వాళ్లకు జామీను ఎవరుంటరు? రేపు ఏ ఊరికి పోతరో వాళ్లకే తెల్వదు.”

ఊరు, కులం, చుట్టరికం పూచీగా నిలిచే చోట అవేవీ లేని మనిషికి పరపతి పుట్టదు. ఆ ఖాళీలోనే 2007లో పీఎస్‌ఐ అనే ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ‘సంగిని’ మహిళా సహకార సంఘం ఇక్కడ పుట్టింది. కలకత్తాలోని ఎర్రదీపాల వాడ సోనాగాఛీలో 1995లోనే ‘ఉషా’ సహకార సంఘం దారి చూపించింది. రేషన్ కార్డు లేదు, ఇంటి అద్దెకు రసీదు లేదు కాబట్టి బ్యాంకులు ఖాతా తెరవని స్త్రీలకు సంగిని పాస్‌బుక్ ఇచ్చింది. అంతకుముందు వాళ్ల సంపాదన వృత్తి ఇల్లు నడిపే ఘర్‌వాలీ దగ్గరో, వడ్డీ వ్యాపారి దగ్గరో ఉండేది.

అందులో దాచుకున్న ఒక తెలుగామె మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. ఇప్పుడు ఆ వృత్తిలో లేదు, వంటపని చేస్తోంది. “రోజూ యాభయ్యో వందో కట్టేదాన్నన్నా. అవసరం వచ్చి తీసుకుంటే ఎందుకని ఎవ్వరూ అడగలేదు. నా డబ్బు నేను తీసుకున్నా. ఇప్పుడా బ్యాంకు లేదు.”

చీటీ పెద్దావిడ ‘ఎందుకు’ అని అడగడమే తన బాధ్యత అనుకుంటుంది. ఈమెకు ఎవరూ అడగకపోవడమే గౌరవం. బయటినుంచి వచ్చి ఒకే కొలబద్దతో ఇద్దరినీ కొలిస్తే ఒకరి విషయంలో తప్పకుండా తప్పుతాం. ఏది మేలో తేల్చే హక్కు ముందు ఆ మేలు పొందవలసిన మనిషిది. కామాటిపుర తిరిగిన కొద్దీ నాకు ఈ మాట మీద నమ్మకం బలపడింది.

అంకెలు ఇక్కడ ఎలా దారి తప్పిస్తాయో చూడండి. ముంబై కార్పొరేషన్ లెక్కగా తరచూ చెప్పేది: 1992లో ఇక్కడ వృత్తిలో ఉన్న స్త్రీలు 50 వేలు, 2009 నాటికి 1,600. కాగితం మీద ఇంతకంటే ఘనవిజయం ఉండదు. కానీ అద్దెలు పెరిగి, దాడులు పెరిగి, వ్యాధి భయం పెరిగి చాలామంది శివారు పేటలకు, లాడ్జీలకు, ఫోన్ల చాటుకు జరిగిపోయారు. అక్కడ క్లినిక్ లేదు, తోడు లేదు. పోలీసు దాడుల్లో ‘రక్షించిన’ స్త్రీల సంఖ్యా అలాంటిదే. వాళ్లలో ఎందరు తాము కోరుకున్న బతుకులో నిలబడ్డారో ఆ అంకె చెప్పదు.

గట్టిగా కొలిచిన పని కూడా ఒకటుంది. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన ‘ఆవాహన్’ ఎయిడ్స్ నివారణ కార్యక్రమం మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లతో సహా ఆరు రాష్ట్రాల్లో నడిచింది. 2008 దాకా సుమారు లక్ష మందికి వ్యాధి సోకకుండా ఆపిందని 2011లో లాన్సెట్ పత్రికలో పరిశోధకులు అంచనా కట్టారు. ఆ అంచనాకు వాళ్లే చెప్పుకున్న దిగువ హద్దు సున్నాకు కాస్త కింద, ఎగువ హద్దు రెండు లక్షల పైన. కోట్ల డాలర్ల కార్యక్రమానికి, పేరున్న గణాంక నిపుణులకు తెలిసింది అంత. దాన్ని దాచకుండా అచ్చు వేసినందుకు వాళ్ల మీద నాకు గౌరవం. ముగ్గురు కార్యకర్తలున్న గల్లీ సంస్థను మాత్రం ఏడాది తిరక్కుండానే కచ్చితమైన ఫలితం రాసిమ్మని అడుగుతున్నాం.

సాయంత్రం చీకటి పడే వేళకు పిల్లల రాత్రి కేంద్రం వైపు వెళ్లాను. 1986లో మొదలైన ‘ప్రేరణ’ సంస్థ 1988లో కామాటిపురలో ఈ కేంద్రం పెట్టింది. తల్లులు పనిలో ఉండే వేళ పిల్లలకు అన్నం, చదువు, నిద్ర, భద్రత. లోపల పిల్లలున్నారు కాబట్టి నేను గుమ్మం దాటలేదు, దాటకూడదు. తల్లి వృత్తి బిడ్డకు రాకూడదన్నది ఈ సంస్థ పెట్టుకున్న గురి. ఇంతకంటే సూటి కొలత నాకు మరెక్కడా కనిపించలేదు. కానీ నాలుగేళ్ల పిల్ల విషయంలో ఆ కొలత తేలడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. విరాళం మాత్రం ఏడాదికో మూడేళ్లకో వస్తుంది. మధ్యలో దాతకు చూపించడానికి ఎన్ని భోజనాలు, ఎన్ని హాజర్లు అని లెక్క రాయాలి. ఆ లెక్క తప్పు కాదు, అదే గమ్యం అనుకోవడం తప్పు.

ఈ గల్లీల నుంచి దలాల్ స్ట్రీట్‌లో ఉన్న స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి కొన్ని కిలోమీటర్లే. 2019 బడ్జెట్‌లో ప్రకటించిన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఇప్పుడు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ రెండింటిలోనూ ఉంది. జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ అనే పత్రం కొంటే వడ్డీ రాదు, అసలూ తిరిగి రాదు. అది విరాళమే. బదులుగా సంస్థ ఏటా ప్రభావ నివేదిక బయటపెట్టాలి. 2023 డిసెంబరులో బెంగళూరు ‘ఉన్నతి’ ఫౌండేషన్ ఈ దారిలో తొలిసారిగా 1.8 కోట్లు సేకరించింది. కొనేవాళ్లు పెట్టాల్సిన కనీస మొత్తాన్ని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2 లక్షల నుంచి 10 వేలకు, 2025లో వెయ్యికి దించింది. అంటే చాల్‌లో చీటీ కట్టే కుటుంబం కూడా కొనగలదు. ఇది నిజంగా మంచి మార్పు. సేకరించే సంస్థకు మాత్రం గడప ఎత్తుగానే ఉంది. ఏడాదికి కనీసం 50 లక్షల ఖర్చు చూపించాలి, కనీసం 50 లక్షలకు పత్రాలు జారీ చేయాలి. సంగిని లాంటి సంఘం పుట్టిన కొత్తలో ఆ దరిదాపులకు రాలేదు. చిన్న సంస్థలు నాలుగైదు కలిసి ఒక్క పత్రంతో వచ్చే వీలు సెబీ కల్పించాలి.

డబ్బు అనగానే ఈ పేటను చేయి చాచే పేటగా చూడటం చరిత్ర తెలియని చూపు. జ్యోతిబా ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో తెలుగు మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి కామాటిపుర పెద్దలు ఆ ఉద్యమానికి డబ్బూ శ్రమా ఇచ్చారు. 

ఇప్పుడు పదిహేను గల్లీలనూ కలిపి మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మాడా ద్వారా పునర్నిర్మించాలని ప్రభుత్వం నిర్ణయించింది. పాత చాల్‌లు కూలక తప్పదు, వాటిలో ఉండటం ప్రమాదం కూడా. దీని ఫలితాన్ని చదరపు అడుగుల్లోనూ అంతస్తుల్లోనూ కొలుస్తారేమోనన్నదే నా భయం. లెక్క ఇంకోలా కూడా ఉండొచ్చు. షోలాపూర్ దగ్గర కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలు సహకార సంఘం పెట్టుకుని 10 వేల ఇళ్లు సాధించుకున్నారు. వాళ్లలో చాలామంది మన పద్మశాలీ ఆడబిడ్డలే. నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడి, కేంద్రం, రాష్ట్రం, కార్మికురాలు తలా ఇంత వేసుకుని కట్టిన ఇళ్లు. 2006లో తాళాలు చేతికొచ్చాయి. ఎవరికి ఇల్లొచ్చిందో పేరుపేరునా చెప్పగలిగిన లెక్క అది.

కామాటిపురకూ అలాంటి పేర్ల పట్టికే కావాలి. పగ్డీ అనే పాత అద్దె పద్ధతి రసీదు ఉన్న కుటుంబానికి కాగితం ఉంది. ఖోలీలో మంచం అద్దెకు తీసుకుని ఉన్న స్త్రీకి లేదు, అటక మీద కాపురం ఉన్న కొడుక్కి లేదు, ఇంట్లో బీడీలు చుట్టుకునే ముసలమ్మకు ఆ పని సాగించే గడప పోతుంది. ముంబై తెలుగు సంఘాలకు, కుల మండళ్లకు, ఇక్కడ పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు నా విన్నపం ఒక్కటే. కూల్చివేత మొదలవక ముందే గల్లీ గల్లీకీ తిరిగి, రసీదు ఉన్నా లేకపోయినా, ఈ రోజు ఇక్కడ నిద్రపోయే ప్రతి మనిషి పేరూ, వాళ్లు ఏం కోరుకుంటున్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. వెయ్యి రూపాయలు పెట్టగల తెలుగువాళ్లు ముందు ఈ పనికి పెట్టండి.