క్రాపీ నోటిని బట్టే గాలం

కొత్తగా గాలపు కర్ర కొనేవాళ్లు దుకాణంలో దాన్ని వంచి చూసి, ఎంత బరువు ఆపుతుందని అడుగుతారు. క్రాపీ కోసమైతే ఆ ప్రశ్నే అక్కర్లేదు. అమెరికా సరస్సుల్లో ఉండే ఈ చేపలో తెల్లది, నల్లది అని రెండు జాతులున్నాయి. రెండింట్లోనూ ప్రపంచ రికార్డు 2.5 కిలోలు దాటలేదు. మామూలుగా గాలానికి పడేవి అరకిలో అటూఇటూ. తెలుసుకోవాల్సింది దాని నోటి సంగతి.

పట్టిన చేప కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని నోరు తెరిచి చూడండి. పైదవడ పక్కన ముడుచుకున్న చర్మం గొడుగు గుడ్డలా విచ్చుకుంటుంది. ఎండకెత్తితే అవతలి వెలుతురు కనిపించేంత పలచన. ముల్లు గుచ్చుకునేది చాలాసార్లు అక్కడే. విసురుగా లాగామా, ఆ చిల్లు చిరిగి పెద్దదై, చేప పడవ అంచుదాకా వచ్చి జారిపోతుంది. అందుకే కర్ర కొస మెత్తగా వంగాలి. చేప తల విదిలించినప్పుడల్లా ఆ కుదుపు కర్రకు తగలాలి, పెదవికి కాదు. అయితే నడుము కూడా మెత్తనైతే చేప ఎరను తాకిన సంగతి చేతికి తెలియదు. గ్రాఫైట్ కర్ర తేలిక, ఆ స్పర్శను బాగా అందిస్తుంది. డబ్బు ఖర్చు పెట్టేదేదో దాని మీదే పెట్టమంటాను. రీలు దారం చుట్టుకోవడానికి పనికొస్తే చాలు.

కర్ర పొడవు మాత్రం నీళ్లను బట్టి. టెనెసీ రాష్ట్రం వాయవ్య మూలన రీల్‌ఫుట్ సరస్సు ఉంది. 1811–12 శీతాకాలపు భూకంపాలకు నేల కుంగి పుట్టిన సరస్సది. అప్పుడు మునిగిన సైప్రస్ చెట్ల మొద్దులు ఇప్పటికీ నీళ్లలో ఉన్నాయి. వసంతంలో నీళ్లు వెచ్చబడగానే క్రాపీలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు, లోతు తక్కువ చోట్లకు వస్తాయి. పడవను మరీ దగ్గరికి తీసుకెళ్తే బెదిరిపోతాయి. దూరం నుంచి విసిరితే గాలం మొద్దులకు తగులుకుంటుంది. 10, 12 అడుగుల కర్ర చాచి, మొద్దును ఆనుకుని నిలువుగా ఎర దించడమే అక్కడ పద్ధతి. మొద్దులు లేని చోట విసరడానికి 6 అడుగుల సన్నకర్ర హాయి.

మొద్దుల్లో దారం 8 పౌండ్ల బరువు ఆపేది, ముల్లు సన్నతీగది ఉండాలి. ఎక్కడైనా ఇరుక్కుంటే మెల్లగా లాగండి, దారం తెగకముందే ముల్లు సాగి బయటికొస్తుంది. వేళ్లతో మళ్లీ వంచుకోవచ్చు.

క్రాపీ కళ్లు పైకి చూస్తుంటాయి. ఎర తన పైన ఉంటేనే లేచి అందుకుంటుంది, కిందున్న దాని జోలికి సాధారణంగా పోదు. పైకి లేస్తూ ఎరను మింగినప్పుడు బరువు తగ్గి, నిలబడాల్సిన బెండు నీళ్ల మీద పక్కకు వాలిపోతుంది. బెండు మునగడానికే అలవాటుపడిన కళ్లకు ఇది చేప పని అనిపించదు. బెండు సన్నగా, తేలిగ్గా ఉంటేనే ఈ తేడా తెలుస్తుంది.

ఇక జిగ్గు. రెండు గ్రాములైనా లేని ఈ సీసపు తల ఎర నీళ్లలో అడ్డంగా నిలవాలి, ఈదే చేపపిల్ల అలాగే ఉంటుంది గనక. దారం ముడి జిగ్గు కంటి (దారం కట్టే రింగు) పైభాగాన ఉన్నంతసేపే అది అడ్డంగా ఉంటుంది. చేప పెనుగులాడినప్పుడు ముడి ముందుకు జరుగుతుంది, జిగ్గు తోక కిందికి వేలాడుతుంది. చేపను విప్పి బుట్టలో వేశాక, గాలాన్ని మళ్లీ దించేముందు గోటితో ముడిని వెనక్కి నెట్టుకోవాలి.