ఊరు లేని నాణెము

మా పట్టణమునందు ప్రాచీన నాణెములయం దభిరుచి గలవారి సంఘ మొకటి కలదు. నెలకొక ఆదివారము గ్రంథాలయపు వెనుకగదిలో పదిపండ్రెండుమందిమి కూడుదుము. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఒక కంసాలి, ఇద్దఱు విద్యార్థులు, ఇదియే మా పరివారము. ఎవరి సంపదను వారు బల్లపై పఱచి, భూతద్దములతో చూచి, తూచి, వాదించుకొని యిండ్లకు పోవుదుము. ఈ వినోదమువలన నెవరికిని కీడు లేదని లోకుల తలంపు. నే నట్లు తలంపజాలను. ఏలయన, మా బల్లపైకి వచ్చు నాణెములలో పెక్కింటికి ఊరు లేదు.

ఇటీవల నొక సభ్యుడు సీసపు నాణెమును తెచ్చెను. ఒకవైపున రెండు కొయ్యల ఓడ. రెండవవైపున ఉజ్జయినీ చిహ్నమనబడు నాలుగు వలయముల గుర్తు. శాతవాహనుల నాటిదని యందఱును సంతసించిరి. ఎచ్చట దొరకినదని నే నడిగితిని. పాతసామానుల అంగడిలో కొంటినని యాతడు చెప్పెను. అంగడివాని కెవరమ్మిరి? ఏ పొలమున, ఏ కుండలో, ఎన్నింటి నడుమ నుండెను? ఎవరికిని తెలియదు. సముద్రతీరమున దొరకినచో నొక కథయు, గోదావరి యెగువను దొరకినచో మఱియొక కథయు చెప్పవలసిన సాక్షి ఊరు పేరు లేక మూగవోయెను.

నాణెము దొరకిన తావున కింత విలువ యేల? 1906వ సంవత్సరమున నాసిక్ జిల్లాలోని జోగల్‌తంబియందు నహపానుని వెండినాణెములు 13,000కు పైగా నొక్కచోట బయల్పడెను. అందు 9,000కు పైబడినవానిమీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించియుండెను. ఓడినవాని ధనమును గెలిచినవా డెంత విరివిగా తనదిగా జేసికొనెనో ఆ రాశియే చాటినది. అవి యొక్కొక్కటిగా సంతలపాలైనచో ఈ లెక్క మనకు దక్కెడిదా? జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డుననున్న కోటిలింగాలయందు సిముకుని నాణెములును, అంతకు ముందటి గోబద, సమగోపుల నాణెములును దొరకినవి. దొరకిన తావు తెలియుటచేతనే, శాతవాహనుల తొలి నెలవు ఆ ప్రాంతమే యని కొందఱు చరిత్రకారులు వాదింపగలిగిరి.

ఇట్టి యూరిని పోగొట్టునవి మూడు. మొదటిది భయము. నాగటిచాలులో కుండ బయల్పడిన రైతు, చెప్పినచో సర్కారు లాగుకొనునని జడిసి, రాత్రికి రాత్రి యమ్మివేయును. 1878వ సంవత్సరపు నిధి చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు తావును, తేదీని కలెక్టరునకు వ్రాసి తెలుపవలెను. వేఱు హక్కుదారు లెవ్వరును రాక, వేఱు ఒడంబడిక లేనిచో, మూడు పాళ్లు దొరకినవానికి, నాలుగవ పాలు ఆ స్థలముగలవానికి. ప్రభుత్వమే తీసికొన్నచో లోహపు వెలకు ఐదవవంతు చేర్చి యీయవలెను. సీసపు వెలకు ఐదవవంతు చేర్చిన నెంత యగును? అంగడివా డంతకు మించి యిచ్చుచుండగా రైతు కలెక్టరు గుమ్మ మేల త్రొక్కును? ఈ వెలను సవరింపుమని యడుగవలసినవారు మావంటి సంఘములవారే.

రెండవది మూఢత్వము. లంకెబిందెల యాశతో అమావాస్యరాత్రులయందు పాడుపడిన గుడులలో నందులను పెకలించి, కోళ్లను కోసి, నేల త్రవ్వువా రిప్పటికిని గలరు. వారికి బిందెలు దొరకవు. మనకు చరిత్ర దొరకదు.

మూడవది సంగ్రాహకుల యుపేక్ష. ఎక్కడిదని యడుగక కొనువాడుండగా, చెప్పక యమ్మువాడు వర్ధిల్లును. నిగనిగలాడవలెనని చింతపండుతో తోమి, కాలము కప్పిన పొరను ఊడ్చువారును మాలో లేకపోలేదు.

కావున మా సంఘమువారికి నే నొక నియమమును సూచించితిని. తావు తెలియని నాణెమును కొనరాదు. తెలిసినదానికి ఊరు, పొలము, తేదీ, తూకము చిట్టాలో వ్రాయవలెను. ఆ చిట్టా యెవరు చూడగోరినను చూపవలెను. కొందఱు నవ్విరి. అట్లయిన మన బల్ల వట్టిదగునని యొక పెద్ద యనెను. కానిండు. చిట్టాలో పది యూళ్లు చేరినచో, సంచులలోని వేయి నాణెములకంటె అదియే మన బిడ్డలకు మేలైన యాస్తి.