రొయ్యలు పడవని రక్తం చెప్పిందా?

పొద్దున్నే వరసగా ఇరవై తుమ్ములు తుమ్మే బాధ పడలేక ఆ మధ్య నేనొక లాబొరేటరీలో రక్తం ఇచ్చాను. నేనడిగింది దుమ్ము సంగతి. వాళ్లు తిండి పదార్థాలు కూడా కలిపి పరీక్ష చేశారు. దుమ్ముకి ఎదురుగా 'పాజిటివ్' అని ఉంది. సరే, అది తెలిసిందే. రొయ్యలకి ఎదురుగా కూడా 'పాజిటివ్'! పళ్లొచ్చిన నాటినుంచి రొయ్యలు తింటున్నవాణ్ణి, ఏనాడూ ఒంటిమీద ఒక్క దద్దురు లేచి ఎరగను. మా ఆవిడ ఆ కాగితం చదివి ఇంట్లో రొయ్యల ఇగురు వండడం మానేసింది. నేను డాక్టర్నని చెప్పుకున్నా లాభం లేకపోయింది.

మీ ఇంట్లోనూ ఇటువంటి కాగితం ఉంటే, అది ఏం చెబుతోందో ముందు తెలుసుకోండి. ఎలర్జీ ఉన్నవారి రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఫలానా పదార్థం మీద అవి ఎంత ఉన్నాయో కొలిచే పద్ధతిని స్వీడన్ శాస్త్రజ్ఞులు 1967లో ప్రకటించారు. అప్పుడు రేడియోధార్మిక పదార్థం వాడేవారు, ఇప్పుడు ఆ అవసరం లేదు. లీటరుకి 0.35 కిలోయూనిట్లు దాటితే సాధారణంగా పాజిటివ్ అని రాస్తారు. మీ శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే దానర్థం. తింటే ఎలర్జీ వచ్చి తీరుతుందని కాదు.

మరి రొయ్య నా రక్తానికి ఏం అపకారం చేసింది? రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఉంది. ఇంచుమించు అదే పీతలోనూ, బొద్దింకలోనూ, మన పరుపుల్లో తలగడల్లో కాపరముండే మైట్ అనే కంటికి కనిపించని పురుగులోనూ ఉంది. అన్నీ కీళ్లకాళ్ల జాతే. నా ఐజీఈకి తగాదా మైట్‌తో. పోలిక చూసి రొయ్యనీ పట్టుకుంది! రొయ్యలు తిని హాయిగా ఉండేవారు కేవలం కాగితం చూసి మానెయ్యనక్కర లేదు.

ఇదే కాగితం రెండోవైపు కూడా మోసం చేస్తుంది. మా మేనల్లుడికి రొయ్యలు తింటే పెదవులు దురద పెట్టేవి. పరీక్షలో అంకె చిన్నదే వచ్చింది. "కొంచెమేగా" అని ఒక పెళ్లి విందులో నాలుగు రొయ్యలు తిన్నాడు. పావుగంటలో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం. ఆస్పత్రి పక్కవీధిలోనే ఉండబట్టి బతికాడు. అంకె పెరిగేకొద్దీ ఎలర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది గాని, అది ఎంత తీవ్రంగా వస్తుందో అంకె చెప్పదు. బాగా ఉడికిస్తే పోతుందనుకోకండి. ట్రోపోమయోసిన్ వేడికి లొంగదు.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తిన్నారో, ఎంత తిన్నారో, ఎన్ని నిమిషాలకి ఏం జరిగిందో రాసుకుని వెళ్లండి. రక్తపరీక్ష ఆ తరవాత. సందేహం మిగిలితే ఆస్పత్రిలో, డాక్టరు ఎదుట, కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఇంట్లో ఆ ప్రయోగం చెయ్యకండి. అన్నట్టు, రొయ్యలు పడనివారు చేపలు కూడా మానెయ్యాలని లేదు. చేపల్లో ఎలర్జీ తెచ్చే మాంసకృత్తు ముఖ్యంగా వేరొకటి.

తిన్న కాసేపటికే ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఎలర్జీ మాత్ర మింగించి చూస్తూ కూర్చోకండి. రోగిని పడుకోబెట్టి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టి, వెంటనే ఆస్పత్రికి చేర్చండి. తొడ కండకి ఎడ్రినలిన్ ఇంజక్షన్ పడాలి. తేరుకున్నాడు కదా అని వెంటనే ఇంటికి తీసుకువచ్చెయ్యకండి. కొందరికి కొన్ని గంటల తరవాత మళ్లీ తిరగబెడుతుంది.