స్టీరింగులో ప్లే

మన దగ్గర ట్రక్కు అంటే లారీ. వెనక "హారన్ ప్లీజ్" అన్న అక్షరాలు, ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ. ఇక్కడ కొలరాడోలో ట్రక్కు అంటే ముందు మనుషులు కూర్చునే గది, వెనక కప్పులేని తొట్టి ఉన్న బండి. ఇలాంటి బళ్ళనూ, వరసకు వీటికి అన్నలయ్యే జీపులనూ వేసుకుని, మంచి రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ప్రయాణం మొదలుపెట్టే మనుషులు కొందరున్నారు. కొన్నేళ్ళుగా నేను వాళ్ళతో తిరుగుతున్నాను. ఈ సంగతి తెలిసి మా మేనమామ ఒకసారి ఫోనులో నిలదీశాడు: "మన ఊళ్ళో గోతులు సరిపోలేదనా అంత దూరం పోయి వెతుక్కుంటున్నావు?" ఆయనకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ పూర్తి జవాబు నా దగ్గర లేదు.

నేను ఇందులో పడటం అక్షరాలా పడటమే. 2018లో ఒక సహోద్యోగి ఊరు మారుతూ తన పాత టకోమాను చవగ్గా ఇచ్చాడు. 2004 నాటిది. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కదా, ఇక నాకేమిటి అన్న ధీమాతో ఆ శరత్కాలంలో ఒక అడవిదారి పట్టి, అరగంటలో ఇరుసుల దాకా బురదలో దిగబడ్డాను. ఫోనుకు సంకేతం లేదు. గంటన్నర తర్వాత ఎర్ర రంగు వెలిసిన ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి డెబ్భై దాటిన ఒకాయన దిగి, నన్ను చూడకుండా ముందు నా టైర్లను చూశాడు.

ఆయన పట్టీ తీశాడు. నేను హుషారుగా దాన్ని నా బండి వెనకున్న ట్రెయిలరు గుండుకు తగిలించబోయాను. "అక్కడ కాదు, అబ్బాయ్!" అన్న కేకకు నా చెయ్యి ఆగిపోయింది. ఆ గుండు ట్రెయిలరును ఈడ్చడానికే తప్ప, దిగబడిన బండిని గుంజినప్పుడు పడే బరువుకు కాదట. అది విరిగితే, సాగిన పట్టీ దాన్ని తుపాకీ గుండులా విసురుతుందట. అలా మనుషులు పోయారట. ఇదంతా చెబుతూనే కింద చట్రానికున్న కొక్కెం వెతికి, సంకెల బిగించి, నన్ను దూరంగా నిలబెట్టి, అయిదు నిమిషాల్లో బండిని బయటపడేశాడు. డబ్బు ఇవ్వబోతే ఎగాదిగా చూశాడు. "టైర్లలో గాలి ఎంతుంది?" అని అడిగాడు. ముప్పై అయిదు అన్నాను. "అదీ జబ్బు. శనివారం పొద్దున్నే ఏడింటికి పెట్రోలు బంకు దగ్గరకు రా" అని, ఏ బంకో చెప్పి వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది.

ఈ శనివారపు సభలో మొదట నన్ను తికమక పెట్టినది వాళ్ళ సంభాషణ. ఎవరూ ఎవరినీ ఏం చేస్తుంటారని అడగరు. ఏ దేశం, ఎంతమంది పిల్లలు, ఇల్లు సొంతమా అద్దెదా, ఏదీ లేదు. మనవాళ్ళు నలుగురు కలిస్తే మొదటి పది నిమిషాల్లో ఇంటిపేరు, వీసా రకం, ఉద్యోగం తేలిపోవాలి కదా! ఇక్కడ టైరు ఎన్ని అంగుళాలు, స్ప్రింగులు ఎంత ఎత్తు పెంచావు, డిఫరెన్షియల్‌కు తాళం వేశావా లేదా, ఇంతే. పేర్లు కూడా బళ్ళ పేర్లే. ఎర్ర జీపాయన, తెల్ల ఫోర్‌రన్నర్, నర్సుగా పనిచేసే ఆవిడది ఆకుపచ్చ రాంగ్లర్ కనుక ఆవిడ ఆకుపచ్చ. నేను చాలాకాలం "బురద టకోమా".

వాళ్ళ హాస్యమూ ఒకే బావిలోది. జీపులవాళ్ళను టొయోటాలవాళ్ళు "మీ బండి కింద నూనె మరక లేదంటే లోపల నూనె అయిపోయిందని అర్థం" అంటారు. జీపులవాళ్ళు టొయోటాలవాళ్ళను "మీకు బండి విప్పే అవసరమే రాదు, ఇక మరమ్మతు ఎప్పుడు నేర్చుకుంటారు, పాపం" అని జాలిపడతారు. ఈ రెండు జోకులూ ప్రతి శనివారం వస్తాయి. ప్రతి శనివారం అందరూ నవ్వుతారు. మొదట్లో విసుగు పుట్టేది. తర్వాత తర్వాత, ఎవరైనా ఆ జోకు వెయ్యకపోతే వాళ్ళింట్లో ఏదో జరిగిందని అర్థం చేసుకోవడం నేర్చుకున్నాను. ఎర్ర జీపాయన భార్య పోయిన సంగతి నాకు అలాగే తెలిసింది. ఎవరూ చెప్పలేదు. ఆవిడ కూర్చునే సీట్లో ఒకరోజు పనిముట్ల పెట్టె ఉంది. ఆ వేళ ఆయన జీపు కింది నూనె మరక గురించి ఎవరూ ఏమీ అనలేదు.

నియమాలు కొన్ని ఉన్నాయి. కాగితం మీద రాసినవి కావు. ఇరుకు దారిలో ఎదురుపడితే ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. వరసలో పోతున్నప్పుడు నీ వెనకబండికి నువ్వు పూచీ. అద్దంలో అది కనబడకపోతే ఆగు. నువ్వు ఆగితే నీ ముందువాడి అద్దంలో నువ్వు కనబడవు కనుక వాడూ ఆగుతాడు. అలా ఒక్క మాట లేకుండా వరస మొత్తం ఆగిపోతుంది. కష్టమైన చోట ఒకరు దిగి ఎదురుగా నిలబడి చేతులతో దారి చూపిస్తారు. ఒక్కరే చూపాలి. ఇద్దరు చూపితే బండి బోల్తా. ఆ చూపేవాళ్ళు కుడి, ఎడమ అనరు, ఎదురెదురుగా ఉన్నప్పుడు ఆయన కుడి నాకు ఎడమ కదా. "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు" అంటారు. నీకు నీ చక్రం కనబడదు, ఎదుటివాడికి కనబడుతుంది. అంతకన్నా చిక్కటి నమ్మకం నేను ఆఫీసుల్లో చూడలేదు.

ఇక్కడ మా నాన్న గురించి కొంత చెప్పాలి.

నాన్న నర్సీపట్నంలో ప్రభుత్వ జీపు డ్రైవరుగా పనిచేశాడు. లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే ఘాట్‌లో చలికాలం పొగమంచులో తల బయటపెట్టి బండి నడిపిన మనిషి. ఆదివారాలు మెకానిక్ షెడ్డులో గడిపేవాడు. నేను పక్కన స్టెప్నీ మీద కూర్చుని వినేవాణ్ణి. కమాను కట్టలు, క్లచ్ ప్లేట్లు, "స్టీరింగులో ప్లే వచ్చిందిరా", అంటే చక్రం తిప్పితే ఒక బెత్తెడు ఊరికే తిరిగి, ఆ తర్వాతగానీ బండి తిరగదన్నమాట. ఇవే మాటలు గంటల తరబడి. చదువుకునే రోజుల్లో నాకు ఆ షెడ్డు అన్నా, నాన్న చేతుల గ్రీజు అన్నా చిన్నతనంగా ఉండేది. ఆయన ఉద్యోగం ఏమిటని కాలేజీలో అడిగితే "గవర్నమెంటు" అని ఊరుకునేవాణ్ణి.

2022 జూన్‌లో కంటి డాక్టరు నాన్నకు గ్లాకోమా ఉందని, పక్కచూపు బాగా తగ్గిందని చెప్పారు. అప్పటికి ఆయనకు డెబ్భై నాలుగు. స్కూటరు మీదే తిరుగుతున్నాడు. నేను ఆ రాత్రే ఫోను చేసి, సూటిగా, లెక్కలు చెప్పినట్టు చెప్పాను. "నాన్నా, నీకు కళ్ళు కనబడటం లేదు. బండి అమ్మెయ్యి. ఎవరినైనా గుద్దితే?" అవతల కాసేపు నిశ్శబ్దం. "ఇదుగో, మీ అమ్మకిస్తున్నాను" అన్నాడు. తర్వాత రెండు నెలలు నేను ఎప్పుడు ఫోను చేసినా ఆ ఒక్క వాక్యమే.

ఆ ఆగస్టులోనే మోస్కిటో కనుమకు వెళ్ళాం. ఎత్తు 13,185 అడుగులు. పైన గాలి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. జులై దాకా మంచు పూర్తిగా కరగదు. (పేరు వెనక ఒక కథ చెబుతారు. గనివాళ్ళు సభ పెట్టి, ఏ పేరు పెట్టాలో తేలక పుస్తకంలో ఖాళీ వదిలితే, తర్వాత తెరిచేసరికి ఆ ఖాళీలో ఒక దోమ చితికి ఉందట! దాంతో అదే ఖాయం చేశారట.) శిఖరం మీద జాన్ డయ్యర్ అనే ఫాదరీ స్మారకం ఉంది. ఆయన 1860లలో ఈ కొండ మీదుగా మంచు మీద జారుతూ ఉత్తరాల సంచి మోసిన మనిషి. మేం నాలుగు చక్రాలతో ఎక్కి ఆయాసపడుతూ ఆ రాయి ముందు నిలబడటం కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఎక్కడం బాగానే జరిగింది. లెడ్‌విల్ వైపు దిగేటప్పుడు దారి ఒక్క బండికే సరిపోతుంది. ఒక పక్క కొండ, మరోపక్క ఏమీ లేదు. ఎర్ర జీపు వెనక నేనున్నాను. ఒక మలుపులో ఆయన వెనక చక్రం అంచు దాటింది. రాళ్ళు కిందికి దొర్లడం చూశాను. జీపు ఆగలేదు, మళ్ళీ దారిలోకి వచ్చింది. ఆయనకు తెలిసినట్టు లేదు. రెండు మలుపుల తర్వాత మళ్ళీ అదే. ఈసారి రేడియోలో తెల్ల ఫోర్‌రన్నర్ గొంతు వినిపించింది. "అందరూ ఆగండి. నా బండి వేడెక్కింది." ఆ బండి వేడెక్కలేదు. ఆయన దిగివచ్చి, "ఊరికే నిలబడి చేసేదేముంది, చేతులాడిస్తాను" అంటూ ఎర్ర జీపుకు ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఆ కొండచరియ దాటేదాకా దారి చూపించాడు. "ప్యాసింజర్ వైపు, ఇంకొంచెం, అంతే, అంతే." అంత సులువైన దారిలో ఎవరూ ఎవరికీ చేతులాడించరు. పెద్దాయన కాదనలేదు.

కింద లెడ్‌విల్‌లో అందరం టైర్లలో గాలి నింపుకుంటున్నాం. పైకి వెళ్ళేటప్పుడు పద్దెనిమిదికి దించిన గాలిని మళ్ళీ ముప్పై అయిదుకు తేవాలి. చిన్న కంప్రెసర్లు రొద పెడుతుంటాయి. మా అసలు కబుర్లన్నీ ఆ రొదలోనే. తెల్ల ఫోర్‌రన్నర్ గేజీ వైపే చూస్తూ అన్నాడు: "నీ స్టీరింగులో ప్లే ఉన్నట్టుంది. వెనకనుంచి చూశాను."

ఆయన చూసి ఉండలేడు. వెనక ఉన్నది నేను.

పెద్దాయన ఏమీ అనకుండా జీపు కింద దూరాడు. 1983 నాటి సీజే-7 అది. అందులో ఆయన విప్పి బిగించని మర లేదు. ఒకరు లోపల కూర్చుని స్టీరింగు అటూ ఇటూ ఊపారు. నేను మోకాళ్ళ మీద వంగి చూశాను. కడ్డీలు, కీళ్ళు అన్నీ బిగువుగా ఉన్నాయి. రవ్వంత ప్లే లేదు. ఆయన చాలాసేపు కిందే ఉండిపోయాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఉంది, కొంచెం ఉంది. ఈ సీజనుకు దీన్ని పక్కన పెడతాను" అన్నాడు. "మంచిపని. పాత బండి కదా" అన్నాడు తెల్ల ఫోర్‌రన్నర్. ఆ పూట జీపును ఇంటిదాకా ఇంకొకరు నడిపారు. ఆయన నా పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా నా గేర్లు తప్పుబట్టాడు.

ఇదంతా ఆకుపచ్చావిడకు నచ్చలేదు. వచ్చే వారం బంకు దగ్గర నాతో కోపంగా అంది. "పదిమంది మగవాళ్ళున్నారు. 'నీకు కళ్ళు కనబడటం లేదు, డాక్టరు దగ్గరకు వెళ్ళు' అని ఒక్కరూ అనలేకపోయారు. ఆయన జీపు పక్కన పెట్టాడు, ఇంట్లో కారు ఉంది కదా? దాని స్టీరింగులో కూడా ప్లే ఉందని చెబుతారా?" నాకు జవాబు తోచలేదు. ఆవిడ చెప్పింది నిజం. చివరికి ఆయన్ని కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది ఆవిడే. ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. ఆయన మాత్రం ఆ తర్వాత కూడా శనివారాలు వస్తున్నాడు. ఎవరో ఒకరి బండెక్కి వచ్చి, కష్టమైన చోట దిగి, దారి చూపిస్తాడు. ఆ పనికి ఆయనకు ఎదురుగా ఉన్నది కనబడితే చాలు, అది కనబడుతుంది.

ఆవిడతో మాట్లాడిన ఆ ఆదివారమే ఇంటికి ఫోను చేశాను. నాన్న ఎత్తి, యథాప్రకారం "మీ అమ్మకి..." అనబోతుండగా, "నాన్నా, స్కూటరు ముందు బ్రేకు ఎలా ఉంది?" అన్నాను.

కాసేపు ఆగాడు. "ముందుదా? వదులుగానే ఉంది. కేబులు మార్చాలి" అన్నాడు. అక్కడినుంచి వెనక బ్రేకు, అక్కడినుంచి టైర్లు, అక్కడినుంచి షెడ్డు మెకానిక్ కొడుకు పనితనం ఎంత అధ్వానంగా ఉందో. నలభై నిమిషాలు. మధ్యలో ఎక్కడో, మామూలుగా, "హెడ్‌లైటు కూడా సరిగ్గా పడటం లేదురా. చీకటి పడ్డాక తియ్యడం మానేశాను" అన్నాడు. లైటు మార్చమని నేననలేదు. "సందుల్లోంచి వచ్చే బళ్ళు ఎక్కువయ్యాయంటున్నారు నాన్నా, మెయిన్ రోడ్డు మీదకు కూడా ఎందుకు" అన్నాను. "చూద్దాంలే" అన్నాడు. ఆకుపచ్చావిడ వింటే ఒప్పుకోదని నాకు తెలుసు.

ఫోను పెట్టబోయేముందు ఆయనే అడిగాడు. నేను కొన్న నాలుగేళ్ళకు మొదటిసారి.

"నీ ట్రక్కుకి వెనక కమాను కట్టలా, చుట్ట స్ప్రింగులా?"

"కట్టలే నాన్నా."

"అయితే ఫరవాలేదు" అన్నాడు.