భూమి పగుళ్లకొక పద్దు

అమరకోశం భూమికి చెప్పిన పేర్లలో 'అచల' ఒకటి, 'స్థిర' మరొకటి. పునాది తవ్వేవాడికీ, పొలానికి గట్టు వేసేవాడికీ ఆ పేర్లే ధైర్యం. 1819 జూన్ 16న కచ్ రణ్‌లో వచ్చిన భూకంపం ఆ ధైర్యాన్ని కుదిపివేసింది. చదునైన ఉప్పునేల మీద సుమారు 80 కిలోమీటర్ల పొడవున, కొన్ని చోట్ల ఆరు మీటర్ల వరకు ఎత్తున ఒక గట్టు పైకి లేచింది. దానికి దక్షిణాన నేల కుంగి, సింధ్రీ కోట నీట మునిగింది. మనిషి చేయి పడకుండా లేచిన గట్టు కనుక స్థానికులు దానిని 'అల్లా బంద్' అన్నారు. అనగా దేవుడు వేసిన కట్ట. నేల కంపించటానికీ నేల చీలి జరగటానికీ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞుల కళ్ల ముందుంచిన తొలి సాక్ష్యాలలో అదొకటి.

భూమి పైపొర ఏకశిల కాదు. ఎన్నడో పగిలి, పగులుకు ఇరువైపులా శిలలు ఒకదాని పక్కన ఒకటి జరిగిన తావులు అందులో అసంఖ్యాకం. వీటినే భ్రంశాలంటారు. అనేకం కోట్ల సంవత్సరాలుగా నిద్రలో ఉన్నవే. కొన్ని మాత్రం గడచిన కొన్ని వేల సంవత్సరాలలో కదిలినవి, ఇకముందు కదలగలవి. అవి క్రియాశీల భ్రంశాలు. ఒరిపిడి వల్ల భ్రంశం బిగిసి ఉన్నంత కాలం ఒత్తిడి వడ్డీలా పెరుగుతూ ఉంటుంది. హిమాలయాల వద్ద ఈ నెట్టుడు ఏటా సుమారు 2 సెంటీమీటర్లు. నూరేళ్లకు 2 మీటర్ల బాకీ. పట్టు సడలిన నాడు శతాబ్దాల బాకీ క్షణాలలో వసూలవుతుంది.

ఈ బాకీల పద్దు రాయటం సులభం కాదు. భ్రంశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఎటు వాలి ఉన్నది, ఏటా ఎన్ని మిల్లీమీటర్లు జారుతున్నది, కడపటిసారి ఎప్పుడు కదిలింది అన్నవన్నీ తేలాలి. విమానాల నుంచి, ఉపగ్రహాల నుంచి తీసిన చిత్రాలలో వాగులు ఒకే వరుసలో పక్కకు వంగిన చోట్లు, నేల మెట్టుగా తెగిన చోట్లు మొదటి ఆనవాళ్లు. ఆపైన ఆ మెట్టుకు అడ్డంగా కందకం తవ్వుతారు. తెగిన మట్టిపొరలలో దొరికే బొగ్గు ముక్కల వయసు లెక్కగడితే పాత భూకంపాల కాలం బయటపడుతుంది. 1934 జనవరి 15న బిహారునూ నేపాలునూ కూల్చిన భూకంపంలో చీలిన నేల జాడను నేపాల్ తరాయి అంచున గుర్తించినట్లు 2013లో గాని ప్రకటన వెలువడలేదు. అక్కడే 1255 నాటి భూకంపపు గుర్తు కూడా కనిపించింది. ఒక్క గీత వెనుక అంత శ్రమ ఉంటుంది.

అయితే గీత గీసినంత మాత్రాన ప్రాణాలు దక్కవు. జపాన్ శాస్త్రజ్ఞులు తమ దేశపు క్రియాశీల భ్రంశాలన్నిటినీ క్రోడీకరించి 1980లోనే ఉద్గ్రంథం ప్రచురించారు. 1995 జనవరి 17న కోబే నగరం కూలి ఆరువేల మందికి పైగా మరణించారు. ఆ ప్రాంతానికి పెద్ద భూకంపాలు రావన్న నమ్మకం ప్రజలలో బలంగా ఉండేది. నిపుణుల అలమరలో ఉన్న విషయం ఇల్లు కట్టుకునేవాడి దాకా చేరలేదు. ఆ ఏడే జపాన్ ప్రభుత్వం భూకంప పరిశోధనకు కేంద్ర వ్యవస్థను నెలకొల్పి, ప్రధాన భ్రంశాల ప్రమాద అంచనాలను బహిరంగంగా ప్రకటించే పని చేపట్టింది. కాలిఫోర్నియా ఈ పాఠాన్ని ముందే నేర్చుకున్నది. 1971 నాటి శాన్ ఫెర్నాండో భూకంపం తరువాత, 1972లో చేసిన చట్టం ప్రకారం అక్కడ భ్రంశ మండలాల పటాలు ప్రచురించాలి. ఆ మండలంలో ఇల్లు అమ్మేవాడు కొనేవాడికి ఆ సంగతి చెప్పి తీరాలి.

భ్రంశాలకు దేశాల సరిహద్దులు తెలియవు. ఇటలీలోని పావియా కేంద్రంగా పనిచేసే గ్లోబల్ ఎర్త్‌క్వేక్ మోడల్ సంస్థ పక్షాన రిచర్డ్ స్టైరన్, మార్కో పగాని వివిధ ప్రాంతాల జాబితాలను ఒకే క్రమంలోకి తెచ్చి, సుమారు 13,500 భ్రంశాలతో ప్రపంచ పద్దు ఒకటి కూర్చి 2020లో దాని వివరాలు ప్రకటించారు. దానిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు, పరీక్షించవచ్చు, తప్పుంటే చూపవచ్చు. విద్యార్థికీ మంత్రిత్వశాఖకూ అందులో ఒకటే హక్కు.

భారతదేశానికి ఈ విషయం పరాయిది కాదు. 1967 డిసెంబరు 11న కొయనా, 1993 సెప్టెంబరు 30న కిల్లారి: రెండూ నాటి పటాలలో అత్యల్ప ప్రమాద మండలంలో చూపిన ప్రాంతాలే. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2000లో వెలువరించిన భూకంప పటాల సంపుటి పెద్ద ముందడుగు. కాని దాని ప్రమాణంలో ఒక సెంటీమీటరు అంటే 10 కిలోమీటర్లు. ఊరు చుక్కగా కూడా నిలవదు. గోదావరి లోయనే తీసుకుంటే, అది భ్రంశాల నడుమ కుంగిన పల్లం. సింగరేణి బొగ్గు పేరుకున్నది అందులోనే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద, 2024 డిసెంబరు 4న ములుగు వద్ద భూమి కంపించింది. ఆ లోయలో బడి కట్టేవారికీ ఆనకట్ట కట్టేవారికీ తమ కాలి కింద ఏ గీత ఉన్నదో తెలియటం అవసరం.

పటం బయటపెడితే స్థలాల ధరలు పడిపోతాయనీ, జనం బెదిరిపోతారనీ అనేవారున్నారు. ఆ జంకు అసహజమేమీ కాదు. అయితే ధర పడిన స్థలం మళ్లీ పెరగవచ్చు. కూలిన బడిలో పోయిన పిల్లలు తిరిగి రారు. ఇంకొక జాగ్రత్త కూడా కావాలి. పటంలో గీత లేని చోటు నిర్భయమని అర్థం కాదు. అక్కడ ఇంకా ఎవరూ వెతకలేదని కూడా కావచ్చు. కిల్లారి చెప్పినది అదే. అందుచేత మంచి పద్దు తనకు తెలిసినది ఎంత నమ్మకంతో తెలిసిందో కూడా పక్కనే రాస్తుంది, ఖాళీని ఖాళీగా చూపుతుంది. అటువంటి పద్దు నలుగురి ముందూ తెరచి ఉంచినపుడే ఆ ఖాళీలను పూరించే చేతులు ముందుకు వస్తాయి.